మిక్సింగ్ సిస్టమ్ కొనే ముందు మీ కెమెరా ఫైల్ తెరిచి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలో ఇలాంటి ఏ ఊరికెళ్లినా మన తెలుగువాళ్ల స్టూడియోలు కనిపిస్తాయి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, రాయగడ మజ్జిగౌరమ్మ జాతర, రెండేళ్లకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర, వీటికి తోడు ఇప్పుడు యూట్యూబ్ చానళ్ల పని. కెమెరాలు మారిపోయాయి, మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) చేసే కంప్యూటర్ మాత్రం చాలాచోట్ల పాతదే. కొత్తది కొందామనుకోగానే ఇంటెల్ ప్రాసెసర్ల గురించి అందరూ అడిగేది ఒకటే: "ఐ7 తీసుకోవాలా, ఐ9 తీసుకోవాలా?"

ఆ ప్రశ్న తర్వాత చూద్దాం. మీ కెమెరా ఎలాంటి ఫైల్ ఇస్తోంది, దాన్ని మీరు ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారు అనే రెండు సంగతులు తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. మన ఊళ్లకు ఇంకొక లెక్క కూడా ఉంది. సీజన్ మధ్యలో ఏదైనా చెడిపోతే సర్వీసు సెంటర్ కోసం విశాఖకో భువనేశ్వర్‌కో పోవాలి. కాబట్టి ఎంత వేగంగా పనిచేస్తుందో చూసినట్టే, ఎంతకాలం మొరాయించకుండా నడుస్తుందో కూడా చూసి కొనాలి.

మొదట ఫైల్ సంగతి తేల్చండి

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకోండి. మీ కెమెరాలు ఒక్కోదాని నుంచి ఒక్కో క్లిప్ అందులో తెరవండి. నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోండి: కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264నా హెచ్.265నా, రంగుల ఛాయలు 8 బిట్టా 10 బిట్టా, దాచే రంగు వివరం 4:2:0నా అంతకంటే ఎక్కువుండే 4:2:2నా, బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా) ఎంత. మీడియాఇన్ఫో హెచ్.264ను ఏవీసీ అనీ, హెచ్.265ను హెచ్ఈవీసీ అనీ చూపిస్తుంది. రెండూ ఒకటే, తికమక పడకండి.

8 బిట్ 4:2:0 ఫైల్ అయితే ఇబ్బంది లేదు. సోనీ ఏ7 3 లాంటి కెమెరాలు ఇచ్చేది ఇదే. ఇప్పుడు దొరికే ఏ మంచి ప్రాసెసరైనా, ఏ గ్రాఫిక్స్ కార్డైనా దాన్ని సులువుగా నడుపుతుంది.

చిక్కంతా 10 బిట్ 4:2:2తోనే. సోనీ ఏ7 4, ఎఫ్‌ఎక్స్3, కానన్ ఆర్6 లాంటి కెమెరాల్లో రంగులు బాగా దిద్దుకోవచ్చని ఈ సెట్టింగ్ పెట్టుకుంటాం. వాటిని టైమ్‌లైన్ మీద పెట్టగానే ఖరీదైన కంప్యూటర్ కూడా ఆగి ఆగి ఆడుతుంది. కారణం ఏమిటంటే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డుల్లో, కుదించిన 4:2:2 ఫైల్‌ను విప్పే (డీకోడ్ చేసే) హార్డ్‌వేర్ లేదు. భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. హెచ్.265 10 బిట్ 4:2:2ను విప్పగలిగే హార్డ్‌వేర్ ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లో 11వ తరం నుంచి ఉంది. దీన్నే క్విక్ సింక్ అంటారు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఎన్విడియా కూడా ఆ సదుపాయం చేర్చింది.

ఇంకో మెలిక ఉంది. అదే 4:2:2 10 బిట్‌ను కెమెరా హెచ్.264లో రికార్డు చేస్తే మనకు అలవాటైన 12, 13, 14వ తరం ఇంటెల్‌ల క్విక్ సింక్ కూడా దాన్ని విప్పలేదు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ విప్పుతుంది. సోనీ కెమెరాల్లో ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264, ఎక్స్‌ఏవీసీ హెచ్ఎస్ అంటే హెచ్.265. చేతిలో 11వ తరం లేదా ఆ తర్వాతి, సొంత గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ సిస్టమ్ ఉంటే కెమెరాలో ఈ ఒక్క సెట్టింగ్ మార్చి చూడండి. కొంతమందికి కొత్త కంప్యూటర్ అవసరమే తీరిపోవచ్చు.

తర్వాత సాఫ్ట్‌వేర్

మన దగ్గర ట్రెడిషనల్ (తంతు మొత్తం వరసగా చూపించే) పెళ్లి వీడియోలు ఇప్పటికీ చాలావరకు ఎడియస్‌లోనే సాగుతున్నాయి. ఎడియస్ క్విక్ సింక్‌ను బాగా వాడుకుంటుంది. మీరు ఎడియస్‌ మనిషైతే సొంత గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ ప్రాసెసరే తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బు గుమ్మరించాల్సిన పని లేదు.

డావిన్చీ రిజాల్వ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. కలర్ గ్రేడింగ్, నాయిస్ తగ్గించడం, ఫ్యూజన్ ఎఫెక్టులు అన్నీ గ్రాఫిక్స్ కార్డే చేస్తుంది. కార్డు మీద ఉండే మెమరీ చాలకపోతే ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతుంది. ప్రీమియర్ ప్రో ప్రాసెసర్, కార్డు రెండింటినీ పంచుకుని వాడుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు ర్యామ్ ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది.

తెలుగు, ఒడియా టైటిళ్లు రెండూ వేసేవాళ్లకు ఇక్కడే ఒక మాట. ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోయి పడుతుంటే కొత్త కంప్యూటర్ కొన్నా ఆ బాధ పోదు. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, దానితో పరీక్షించి చూసుకోండి.

ప్రాసెసర్

ఇంటెల్‌లో మోడల్ నంబర్ చివరి అక్షరం చూడందే బిల్లు కట్టకండి. చివర 'ఎఫ్' ఉంటే సొంత గ్రాఫిక్స్ లేనట్టు. అంటే క్విక్ సింక్ ఉండదు. నాలుగు డబ్బులు తక్కువ కాబట్టి షాపులు ఐ5-14400ఎఫ్ లాంటివే ముందు చూపిస్తాయి. గేమ్స్ ఆడేవాళ్లకు అది లాభమే. మిక్సింగ్‌కు మాత్రం ఆ పొదుపు రోజూ నష్టం తెస్తుంది.

సొంత గ్రాఫిక్స్‌లో కూడా తేడా ఉంది. ఐ5-12400 లాంటి వాటిలో ఉండే యూహెచ్‌డీ 730లో వీడియోను విప్పే ఇంజిన్ ఒకటే. ఐ5-14500, ఐ7ల్లో ఉండే యూహెచ్‌డీ 770లో రెండు ఉంటాయి. రెండు మూడు కెమెరాలు పక్కపక్కన పెట్టి మల్టీక్యామ్ చేసేవాళ్లకు ఈ తేడా చేతికి తెలుస్తుంది. ఎడియస్‌లో ట్రెడిషనల్ పని ఎక్కువగా చేసే స్టూడియోకు నేను మొదట చెప్పేది ఐ5-14500 లేదా కోర్ అల్ట్రా 5 245కె. పని ఎక్కువ, ఎఫెక్టులు ఎక్కువ అనుకుంటే ఐ7-14700 లేదా కోర్ అల్ట్రా 7 265కె. ఐ9 పుట్టించే అంత వేడిని సముద్రానికి దగ్గరున్న బరంపురంలో మే నెలలో, ఏసీ లేని గదిలో భరించడం కష్టం. వేడెక్కితే వేగం అదే తగ్గిపోతుంది. ఐ9 డబ్బు ఇచ్చి ఐ7 పని చేయించుకున్నట్టవుతుంది.

13, 14వ తరం ఐ7, ఐ9లకు, ఐ5లో నంబర్ చివర 'కె' ఉన్న రకాలకు ఒక సమస్య వచ్చింది. వోల్టేజీ ఎక్కువగా అడిగి నెమ్మదిగా పాడయ్యేవి. 2024లో ఇంటెల్ దానికి సవరణలు విడుదల చేసి, వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. వీటిలో ఏది కొన్నా షాపులోనే మదర్‌బోర్డు బయోస్‌ను (కంప్యూటర్‌ను మొదలుపెట్టే లోపలి ప్రోగ్రామ్) కొత్త వెర్షన్‌కు మార్పించండి. సెకండ్‌హ్యాండ్‌లో మాత్రం ఆ ఐ7, ఐ9లు వద్దు. అది బయోస్ మార్చకుండా ఎన్నాళ్లు నడిచిందో మీకు తెలిసే దారి లేదు.

ఏఎండీ రైజెన్ 9 లాంటివి రెండరింగ్‌లో గట్టివే. కానీ వాటిలో 4:2:2ను విప్పే హార్డ్‌వేర్ లేదు. ప్రీమియర్, రిజాల్వ్ వాడేవాళ్లు రైజెన్ తీసుకుంటే పక్కన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డు పెట్టుకోవాలి.

ఇంటెల్ సర్వర్ల కోసం చేసిన జియాన్ ప్రాసెసర్లున్న పాత సిస్టమ్‌ల గురించి చాలామంది అడుగుతారు. "14 కోర్లు, 64 జీబీ ర్యామ్, ఇంత చవగ్గా ఎక్కడొస్తుంది" అంటారు. అలాంటి 14 కోర్ల జియాన్ ఈ5-2680 వీ4 వచ్చింది 2016లో. క్విక్ సింక్ లేదు, కరెంటు ఎక్కువ తాగుతుంది, విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో లేదు. అందులో వాడే పేరులేని బోర్డు పోతే దాని జోడు మన చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. కోర్ల లెక్క చూసి దాని మీద డబ్బు పెట్టకండి.

గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్

ఎడియస్ మాత్రమే వాడితే మొదట్లో కార్డు లేకుండానే నడపండి, తర్వాత కొనొచ్చు. ప్రీమియర్‌లో 4కె పనికి 8 జీబీ మెమరీ ఉన్న కార్డుతో సరిపెట్టుకోవచ్చు. రిజాల్వ్‌లో 4కె గ్రేడింగ్, నాయిస్ రిడక్షన్ చేస్తే 12 జీబీకి తగ్గకండి. ఇప్పుడు కొనేటట్టయితే ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీ రకం మన స్టూడియోలకు సరిగ్గా సరిపోతుంది. ఇదే పేరుతో 8 జీబీ రకం కూడా అమ్ముతున్నారు, బిల్లు మీద 16 అని రాయించుకోండి.

పాత కార్డు కొంటే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌తో తప్పనిసరిగా పరీక్షించండి. పాత చిప్ మీద కొత్త పేరు ఎక్కించి అమ్మే నకిలీలు ఉన్నాయి. ఆ ప్రోగ్రామ్ వాటిని చాలావరకు పట్టేస్తుంది.

ర్యామ్ 32 జీబీకి తక్కువ వద్దు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడితే 64. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని ఒక స్టిక్‌తో సర్దుకుందామనిపిస్తుంది, కానీ జంటగా తీసుకుంటేనే పూర్తి వేగం వస్తుంది. డీడీఆర్5 రకం ర్యామ్‌లో నాలుగు స్లాట్లూ నింపితే వేగం తగ్గుతుంది. కాబట్టి 64 కావాలని తెలిస్తే మొదటే రెండు 32లు తీసుకోండి.

డిస్కుల లెక్క మీరే వేయండి

సెకనుకు 100 మెగాబిట్ల ఫుటేజ్ గంటకు 45 జీబీ. ఒక పెళ్లికి మూడు కెమెరాలు, ఒక్కోటి నాలుగు గంటలు అనుకుంటే 540 జీబీ. 200 మెగాబిట్లయితే రెట్టింపు. వైశాఖంలో ఒకే వారంలో మూడు పెళ్లిళ్లు పడితే ఎంతవుతుందో మీరే చూసుకోండి.

విండోస్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ 500 జీబీ లేదా 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఒకటి. నడుస్తున్న పెళ్లిళ్ల ఫుటేజ్‌కు విడిగా 2 టీబీ ఎన్‌వీఎంఈ ఇంకొకటి. అయిపోయిన పనులకు పెద్ద హార్డ్‌డిస్క్. హార్డ్‌డిస్క్ వేగం సెకనుకు 150 నుంచి 250 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మల్టీక్యామ్ దాని మీద పెట్టి లాగితే టైమ్‌లైన్ తడబడుతుంది. అది దాచుకోవడానికే. నిఘా కెమెరాల డీవీఆర్ నుంచి తీసిన పాత హార్డ్‌డిస్కులు చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి. డబ్బు పెట్టి మళ్లీ తీయలేని తలంబ్రాల వీడియో అందులో ఉంటుంది.

డెలివరీ ఇచ్చేదాకా ప్రతి పెళ్లి రెండు డిస్కుల్లో ఉండాలి. రెండోది వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను ముంచినప్పుడు నీళ్లు, గాలి ఏం చేశాయో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కరెంటు: అందరూ చివర్లో చూసేది

ప్రాసెసర్, కార్డు కొన్నాక మిగిలిన డబ్బుతో ఎస్ఎంపీఎస్ (సిస్టమ్ లోపలి పవర్ సప్లై), యూపీఎస్ కొంటారు. దయచేసి ఈ వరస తిప్పండి. వానాకాలం పిడుగులు, సాయంత్రాల్లో పడిపోయే వోల్టేజీ, కరెంటు పోయి వచ్చేటప్పుడు కొట్టే దెబ్బ మన జిల్లాల్లో ఉన్నవే. ఈ దెబ్బ మొదట తగిలేది పవర్ సప్లైకి. అది నాసిదైతే తనతోపాటు మదర్‌బోర్డునూ తీసుకుపోతుంది.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ పక్కన పెట్టేయండి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్ గుర్తు ఉన్నది, 650 నుంచి 750 వాట్లది తీసుకోండి. మంచివాటికి ఐదేళ్లు, అంతకంటే ఎక్కువ వారంటీ ఉంటుంది.

యూపీఎస్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కావు. చాలా మోడళ్లలో 600 వీఏ అంటే 360 వాట్లే. ఐ7, 5060 టీఐ ఉన్న సిస్టమ్ ఎక్స్‌పోర్ట్ చేస్తున్నప్పుడు మానిటర్‌తో కలిపి 400 వాట్లు దాటొచ్చు. అలాంటప్పుడు 600 వీఏ యూపీఎస్ కరెంటు పోయిన క్షణంలోనే చేతులెత్తేస్తుంది. 900 వాట్ల దాకా ఇచ్చే 1,500 వీఏది చూడండి, అందులోనూ ఇంటి కరెంటు లాంటి అలే ఇచ్చే సైన్ వేవ్ రకం. మంచి పవర్ సప్లైలు స్క్వేర్ వేవ్‌తో సరిగా పడవు. ఇంట్లో ఉన్న పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కు సిస్టమ్ తగిలించేయకండి.

వీటన్నిటికంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయించండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేనట్టే. ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి, పిడుగు దెబ్బ ఆ దారిలోనూ వస్తుంది.

కరెంటు కోతలు మరీ ఎక్కువున్న చోట, ఎడియస్ వాడనివాళ్లు మ్యాక్ మినీ ఎం4 గురించి ఆలోచించవచ్చు. గరిష్ఠంగా 65 వాట్లే తీసుకుంటుంది, చిన్న యూపీఎస్ మీద చాలాసేపు నిలుస్తుంది, 4:2:2నూ బాగా నడుపుతుంది. కానీ తర్వాత ర్యామ్ పెంచలేరు. ఎడియస్ అందులో నడవదు.

చల్లబరచడానికి పెద్ద ఎయిర్ కూలర్ చాలు. నీటి కూలర్ పంపు పోతే కొత్తది వచ్చేదాకా సిస్టమ్ మూలన పడి ఉంటుంది. ఎయిర్ కూలర్‌లో ఫ్యాన్ పోతే ఊళ్లోనే ఇంకోటి దొరుకుతుంది.

మానిటర్

27 అంగుళాల ఐపీఎస్ తెర, 2560×1440 పిక్సెళ్లు, ఎస్ఆర్‌జీబీ రంగులు వంద శాతం చూపించేది. ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ఎక్కడ కొనాలి, ఎలా తేవాలి

చిన్న భాగాలు మీ ఊళ్లోనే కొనండి, రేపు అక్కరకొచ్చేది ఆ షాపాయనే. పెద్ద సిస్టమ్‌కు రాయగడ, గుణుపురం, జయపురం వైపువాళ్లకు విశాఖ దగ్గర. బరంపురంవాళ్లు భువనేశ్వర్ ధర కూడా కనుక్కోవాలి. హైదరాబాద్ పనిమీద వెళ్తే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ధరలు అడిగి రండి. ఎక్కడ కొన్నా ప్రతి భాగం సీరియల్ నంబర్ బిల్లు మీద ఉండాలి, వారంటీ భారతదేశానిదై ఉండాలి. వారంటీకి పార్ట్ పంపాల్సి వస్తే ఎక్కడికి పంపాలో ముందే అడిగి రాసుకోండి.

మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండి ఒడిశా బయట కొంటే, బిల్లు కొట్టకముందే మీ ఒడిశా జీఎస్‌టీ నంబరు, అడ్రసు చెప్పి ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) బిల్లు అడగండి. ఆంధ్రా ఎస్‌జీఎస్‌టీ వేసిన బిల్లు మీద ఒడిశాలో క్రెడిట్ రాదు. 18 శాతం అంటే చిన్న మొత్తం కాదు. పార్సిల్‌లో పంపిస్తే సరుకు విలువ 50,000 రూపాయలు దాటినప్పుడు ఈ-వే బిల్లు కావాలి, షాపువాళ్లనే తీయమనండి.

కారులో తెచ్చుకుంటే గ్రాఫిక్స్ కార్డు, పెద్ద కూలర్ ఊడదీసి వాటి పెట్టెల్లోనే పెట్టండి. కూలర్‌ను మళ్లీ బిగించేందుకు థర్మల్ పేస్ట్ ఒక ట్యూబు అడిగి తెచ్చుకోండి. క్యాబినెట్‌ను మదర్‌బోర్డు కింద, అద్దం పైకి ఉండేలా పడుకోబెట్టండి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ మలుపుల్లో కిలో బరువు కార్డు వేలాడుతూ ఉంటే స్లాట్ విరిగిపోతుంది.

షాపులో చేయాల్సిన పరీక్ష

మీ కెమెరా క్లిపుల్లో అన్నిటికంటే బరువైనవి పట్టుకెళ్లండి. పెన్‌డ్రైవ్ నుంచే ఆడిస్తే అదే నెమ్మదిగా ఉంటుంది కాబట్టి, ముందు కొత్త ఎస్ఎస్‌డీలోకి కాపీ చేయించండి. మీరు వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో మూడు లేయర్లు పెట్టి ఆడించండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద 'వీడియో డీకోడ్' గీత పైకి లేవాలి. అది కదలకుండా ప్రాసెసర్ వంద శాతానికి చేరితే హార్డ్‌వేర్ డీకోడింగ్ జరగడం లేదని అర్థం.

అప్పుడు వెంటనే సిస్టమ్‌ను తప్పు పట్టకండి. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా మదర్‌బోర్డులు ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే సెట్టింగ్ ఆన్ చేయిస్తే క్విక్ సింక్ మళ్లీ కనిపిస్తుంది. ర్యామ్ పూర్తి వేగానికి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో కూడా అక్కడే ఆన్ చేయించండి. ఎన్విడియా కార్డుకు గేమ్ రెడీ డ్రైవర్ కాకుండా స్టూడియో డ్రైవర్ వేయించండి.

తర్వాత అరగంట ఎక్స్‌పోర్ట్ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి చూడండి. ప్రాసెసర్ వంద డిగ్రీలకు చేరి వేగం తగ్గుతుంటే కూలర్ మార్చమని అక్కడే అడగాలి, ఇంటికొచ్చాక కాదు.

ఇదంతా ఆషాఢంలోనో మూఢంలోనో, పెళ్లిళ్లు లేని రోజుల్లో పెట్టుకోండి. ఏదైనా లోపం బయటపడినా మార్పించుకునే వ్యవధి ఉంటుంది. కొత్త సిస్టమ్ మీద మొదట పాత పెళ్లి ఒకటి పూర్తిగా మిక్సింగ్ చేసి చూసి, ఆ తర్వాతే కొత్త పని ఎక్కించండి.

పాత సిస్టమ్‌ను మాత్రం ఒక సీజన్ గడిచేదాకా అమ్మకండి. కెమెరా మెమరీ కార్డులు కాపీ చేయడానికి, కొత్తది ఎక్స్‌పోర్ట్‌లో ఉన్నప్పుడు ఆల్బమ్ డిజైన్ చేయడానికి పనికొస్తుంది. విండోస్ 10 మీదే ఉంటే 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్టు అయిపోయింది కాబట్టి, నెట్ తీసేసి వాడండి.